కష్టం మనిషికి గురువేనా?

కష్టం మనిషికి గురువు అని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. బడిపిల్లవాని వ్యాసం మొదలుకొని పండితుని ప్రసంగం దాకా ఈ మాట వినిపించని చోటు లేదు. కాల్చిన ఇనుమే పదునెక్కుతుందనీ, అరగదీసిన గంధమే పరిమళిస్తుందనీ దీనికి ఉపమానాలు కూడా సిద్ధంగా ఉంటాయి. అందరూ చెల్లించుకుంటున్న నాణేన్ని ఎవరూ గీటుపెట్టి చూడరు. నేనూ చూడలేదు. నా అరవయ్యవ ఏట వచ్చిన ఒక సంవత్సరం ఆ పని నాచేత చేయించింది.

2022 ఏప్రిల్ 2వ తేదీన, శుభకృత్ నామ సంవత్సర ఉగాదినాడు, భిలాయిలోని తెలుగువారం కొందరం చాలాకాలం తర్వాత ఒకచోట కలుసుకున్నాం. పంచాంగ శ్రవణం ముగిశాక ఒక పెద్దాయన నావైపు తిరిగి, "గడిచిన ప్లవ సంవత్సరం మనకెన్నో పాఠాలు నేర్పింది. మీరు అందరికంటె ఎక్కువగా అనుభవించారు. ఏం నేర్చుకున్నారో నాలుగు మాటలు చెప్పండి" అని కోరారు. ఆయన ఉద్దేశం మంచిదే. లేచి నిలబడ్డానుగాని మాట పెగలలేదు, నమస్కరించి కూర్చున్నాను. ఆనాడు ఇవ్వలేకపోయిన సమాధానం కోసం వెదుకుతూ పోగా నాకు తోచిన నాలుగు మాటలివి.

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, శాలిహుండం బౌద్ధ స్తూపాలున్న కొండకు దగ్గరలోని ఒక పల్లె. భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మించడానికి సోవియట్ దేశంతో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల్లో పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి, పొలం పనులు తప్ప మరొకటి ఎరుగని చేతులతో ఇక్కడికి వచ్చిన ఉత్తరాంధ్రవారు ఎందరో. వారిలో మా నాన్నగారు ఒకరు. నేను 1961 మే నెలలో పుట్టాను. అదీ ప్లవ నామ సంవత్సరమే.

సెక్టర్ 2లో మా వీధి ఒక చిన్న భారతదేశం. మా ఇంట తెలుగు, పక్క వాటాలో మలయాళం, ఎదురింట ఛత్తీస్‌గఢీ, వీధి చివర పంజాబీ, బెంగాలీ. కార్తిక మాసంలో ఛఠ్ పూజకు బీహారు స్త్రీలు చెరువులో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిచ్చేవారు. అదే మాసంలో మా అమ్మ పెరటి తులసికోట వద్ద దీపం పెట్టేది. నేను కూడా పెద్దవాడినై అదే కర్మాగారంలో, రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో, ముప్పైయేడేళ్లకు పైగా పనిచేశాను. మధ్యప్రదేశ్‌లో పుట్టినవాడిని, 2000 నవంబరు 1 నుంచి ఇల్లు కదలకుండానే ఛత్తీస్‌గఢ్ వాసినయ్యాను.

ప్లవ మళ్లీ రావడానికి అరవై ఏళ్లు పడుతుంది. అది వచ్చే వేళకు నాకు షష్టిపూర్తి, అదే మే నెలాఖరున పదవీ విరమణ. ఆ రెండింటి కోసం నా భార్య మూడేళ్ల ముందునుంచే లెక్కలు వేసుకుంటూ వచ్చింది. పెళ్లి నిరాడంబరంగా జరిగిందనీ, రెండోసారి కట్టే మంగళసూత్రమైనా నలుగురి ఎదుట కట్టించుకుంటాననీ నవ్వుతూ అనేది.

ప్లవకు ముందుది శార్వరి. ఆ మాటకు రాత్రి అని అర్థం. శార్వరి ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. దేశమంతటా తలుపులు మూసుకున్న మొదటి రోజు కూడా అదే. ఆ ఏడాది సెప్టెంబరులో మా ఎదురింటివారికి కరోనా సోకింది. ఇంటిల్లిపాదీ లోపలే ఉండిపోయారు. నేను వెంటనే వీధివైపు కిటికీలు మూయించాను. నా భార్య అన్నం, చారు గిన్నెల్లో సర్దుతుంటే వారించాను. "పిల్లలు దూరాన ఉన్నారు. మనకేమైనా అయితే చూసేవారెవరు?" అన్నాను. ఆమె చేతిలో పని ఆపలేదు. "ఏమండీ, గేటుమీద గిన్నె పెట్టి వచ్చేస్తే ఏమవుతుంది? వాళ్లకు మాత్రం ఎవరున్నారు?" అని, ముక్కుకు కొంగు చుట్టుకొని వెళ్లి పెట్టి వచ్చింది. అలా పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాఠాల ప్రసక్తి వచ్చింది కనుక ముందుగా దీనిని చెప్పవలసి ఉంది.

2021 ఏప్రిల్ 6న దుర్గ్ జిల్లా అంతటా మళ్లీ రాకపోకలు నిలిపివేశారు. ఏప్రిల్ 13న ప్లవ ఉగాది. ప్లవ అంటే పడవ. రాత్రి గడిచి, దాటించే పడవ వచ్చిందని ఆ ఉదయం రేడియోలో ఎవరో అన్నారు. మా పెరట్లోని వేపచెట్టు నిండుగా పూసింది. నా భార్య పచ్చడి చేసింది. అప్పటికే ఆమెకు ఒళ్లు వెచ్చబడి ఉంది. పచ్చడి రుచి తెలియడం లేదని, చేదు ఎక్కువైందా అని నన్నడిగింది. నాలుగు రోజుల్లో ఇద్దరికీ వ్యాధి నిర్ధారణ అయింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చారు, నన్ను ఇంట్లో ఉండమన్నారు.

ఆ రోజుల్లోనే దేశంలోని ఉక్కు కర్మాగారాలు, మా భిలాయి కర్మాగారంతో సహా, ద్రవరూపంలో ప్రాణవాయువును ఆసుపత్రులకు పంపుతున్నాయి. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ప్రాణవాయువు నింపుకొని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. ఉక్కు తయారీలో ప్రాణవాయువుది పెద్దపాత్ర. గాలిని మైనస్ 180 డిగ్రీలకు దిగువన ద్రవంగా మార్చి, నత్రజనినుంచి వేరుచేసి, కరిగిన ఇనుములోని అదనపు కర్బనాన్ని హరించడానికి దానిని ఊదుతారు. ఆ వాయువు గొట్టాల పక్కనుంచి నేను ఎన్ని వేలసార్లు నడిచి ఉంటానో! నా భార్యకు ప్రాణవాయువు అందకపోలేదు. అందింది. దానిని స్వీకరించే శక్తి ఆమె ఊపిరితిత్తులకు లేకపోయింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఉగాది వెళ్లిన పన్నెండవనాడు ఆమె పోయింది. అంతకు ముందురోజు ఫోనులో ఆమె చివరిగా అన్నది, "ఎదురింటివాళ్ల స్టీలు గిన్నె మన దగ్గరే ఉండిపోయింది. ఖాళీగా ఇవ్వకండి" అని.

అంత్యక్రియలకు నేను వెళ్లలేకపోయాను. కుమారుడు పూణేలో ఉన్నాడు. మూడవ రోజుకు గాని చేరుకోలేకపోయాడు. ఆనాడు పురపాలక సిబ్బంది వెంట శ్మశానానికి వెళ్లి, దూరంగా నిలిచి, మా వాడి బదులు కర్పూరం వెలిగించమని ఇచ్చినవాడు ఎదురింటి కుర్రవాడు. మా భాష కాదు, మా కులం కాదు. అస్థికలు తెచ్చి తమ ఇంటి ముందున్న చెట్టుకొమ్మకు కట్టి ఉంచాడు. తర్వాత కొన్నింటిని దుర్గ్ దగ్గర శివనాథ్ నదిలోను, కొన్నింటిని వంశధారలోను కలిపాం. నేను కోలుకునే దాకా ప్రతి మధ్యాహ్నం మా గేటుమీద గిన్నె ఉండేది. ఏ గేటుమీద గిన్నె పెట్టవద్దని నేను వారించానో ఆ గేటు దాటి వచ్చిన గిన్నె అది. మే 31న సభ లేదు, పూలదండ లేదు. ఉత్తర్వుల కాగితంతో పదవీ విరమణ జరిగిపోయింది.

ఇది జరిగిన కథ. ఇక ప్రశ్న. ఈ సంవత్సరం నాకు గురువా?

కష్టమే గురువైతే, ఆ విద్య నా భార్యకు ముందే ఎలా వచ్చింది? సెప్టెంబరులో గిన్నె సర్దేనాటికి ఆమెకు ఏ ఆపదా రాలేదు. ఆమె పెద్ద చదువులు చదువుకోలేదు. ధర్మశాస్త్రాలు విన్నది లేదు. ఎదుటి ఇంటి పొయ్యి వెలగకపోతే ఆ సంగతి ఆమె కంటబడుతుంది, అంతే. నేను ఒక మరణం చెల్లించి తెలుసుకున్నదాన్ని ఆమె ఉచితంగా ఎరుగును. కనుక ఆ ఎరుకకు కష్టం అవసరమైన మార్గం కాదు. నావంటి మందబుద్ధికి అది చిట్టచివరి మార్గం కావచ్చు.

మరొక వైపునుంచి చూద్దాం. కష్టమే గురువైతే దాని శిష్యులందరూ వివేకవంతులు కావాలి. అలా జరగడం లేదన్నది మనమందరం చూసినదే. అదే వ్యాధి, అదే ఏడాది, ఒకే వీధిలో కొందరిని మెత్తన చేసింది, కొందరిని రాయి చేసింది. తన ఇంట్లో చావు చూసినవాడే పక్కింటి ఆస్తి పంచాయతీకి మరింత కక్షగా వెళ్లడం చూశాను. ఒకే కొలిమిలో పెట్టిన రెండు ముక్కల్లో ఒకటి ఉక్కై, మరొకటి చిట్టెమైతే ఆ గొప్పతనాన్ని కొలిమికి ఆపాదించడం న్యాయమా?

కొలిమి మాట వచ్చింది కనుక నా వృత్తినుంచి ఒక విషయం చెబుతాను. నిప్పు ఇనుమును దృఢపరుస్తుందని కవులు అంటారు. పట్టాల మిల్లులో పనిచేసినవాడు అంత మాట అనడు. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ కొద్దిగా కలిసి ఉంటుంది. ఉక్కు చల్లారుతున్నకొద్దీ ఆ వాయువుకు లోపల చోటు చాలదు. పట్టా త్వరగా చల్లారిపోతే అది బయటపడలేక చిక్కుకొని, లోలోపల వెంట్రుకలవంటి పగుళ్లు కలిగిస్తుంది. పైకి పట్టా నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి రైళ్లు నడిచాక ఒకనాడు ఆ పగులు పెరిగి, పట్టా విరుగుతుంది. 1911 ఆగస్టు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ వద్ద ఒక రైలు ప్రమాదంలో ఇరవైమందికి పైగా మరణించారు. విరిగిన పట్టాను పరీక్షిస్తే, లోపలినుంచి పెరుగుతూ వచ్చిన పగులు కనబడింది. ఇటువంటి పగుళ్లకు మూలం హైడ్రోజన్ అని తర్వాత తేలింది. 1930వ దశకంలో దీనికొక ఉపాయం కనిపెట్టారు. వేడిగా ఉన్న పట్టాలను మూతపెట్టిన గుంటల్లో ఉంచి, గంటల తరబడి, నెమ్మదిగా చల్లారనివ్వడమే ఆ ఉపాయం. ఈనాడు ద్రవస్థితిలోనే గాలి తీసేసిన పాత్రలో ఆ వాయువును లాగివేస్తున్నారు. పది లక్షల భాగాలకు రెండు భాగాల లోపే అది మిగలాలి. పద్ధతి మారింది, సూత్రం మారలేదు. చిక్కుకున్నది బయటపడడానికి వ్యవధి ఇవ్వాలి.

శోకంలో ఉన్నవాడిని పాఠం చెప్పమని అడగడం వేడి పట్టామీద చన్నీళ్లు పోయడం వంటిది. అతడు పైకి గట్టిపడతాడు. "అవునండీ, చాలా నేర్చుకున్నాను" అని కూడా అంటాడు. లోపల పగులు మిగిలిపోతుంది. మన పూర్వులు పదిరోజుల కర్మనూ, మాసికాలనూ, సంవత్సరీకాన్నీ ఏర్పరచడంలో పరలోక చింత ఎంత ఉన్నదో నేను చెప్పలేను గాని, బతికున్నవాడిని మెల్లగా చల్లారనిచ్చే ఏర్పాటు మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఆ ప్లవ సంవత్సరంలో ఎందరికో దక్కకుండా పోయింది ఆ వ్యవధే. పదిమంది కూడి ఏడవడానికి వీలు లేకపోయింది.

చిన్నప్పుడు సెలవులకు పల్లెకు వెళితే తాతగారు శాలిహుండం కొండకు తీసుకువెళ్లి, ఆ ఇటుకల స్తూపాల నీడన బుద్ధుని కథలు చెప్పేవారు. వాటిలో కిసాగోతమి కథ అందరికీ తెలిసినదే. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి శవాన్ని ఎత్తుకొని మందు కోసం తిరుగుతుంది. చావు ఎరుగని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు బుద్ధుడు. ఏ ఇంటా అటువంటి ఆవాలు దొరకవు. మరణం సర్వసామాన్యమన్నది ఈ కథ సారాంశమని చిన్నప్పుడు అనుకున్నాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికి బుద్ధుడు ఆమెను ఊరంతా తిప్పనక్కరలేదు. ఉన్నచోటనే ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఆయన ఆమెకు ఉపదేశం చేయకుండా, తలుపులు తట్టే పని అప్పగించాడు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు తమ ఇంటి చావు గురించి ఆమెకు చెప్పి ఉంటారు. ఆమె తన బిడ్డను చంకన పెట్టుకొనే విని ఉంటుంది. బిడ్డ మరణం ఆమెకు నేర్పినది ఏమీ లేదు. అది ఆమెను ఉన్మాదినిగా మాత్రమే చేసింది. నేర్పినవి ఆ గుమ్మాలు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఎంతటి దుఃఖంనుంచైనా ఒక అర్థాన్ని రాబట్టుకోవడం మనిషికి గౌరవం కాదా? అవును. నాజీల నిర్బంధ శిబిరాలనుంచి బయటపడిన వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ 1946లో ప్రచురించిన తన గ్రంథంలో చేసిన ప్రతిపాదన అదే. అయితే ఆయన ఒక హద్దు గీశాడు. అర్థం కోసం బాధ అవసరం లేదనీ, తప్పించగల బాధను తప్పించడమే వివేకమనీ, తప్పించలేనప్పుడు మాత్రమే దానిని ఎదుర్కొనే తీరులో అర్థం వెదకాలనీ ఆయన అభిప్రాయం. ఈ హద్దును మనం తరచు మరచిపోతాం. "అంతా మన మంచికే" అనే ఓదార్పు ఆ మరపునుంచే వస్తుంది. నా భార్య నాకు బుద్ధి చెప్పడం కోసం చనిపోలేదు. నాకు వచ్చిన నాలుగు మంచి గుణాలను ఆమె ప్రాణానికి ఎదురుగా తక్కెడలో పెట్టి, రెండూ సరితూగాయని చెప్పడం దొంగ లెక్క. ఆ లెక్క రాయడానికి నేను అంగీకరించను.

వ్యక్తుల విషయంలో దొంగ లెక్క అయినది సమాజం విషయంలో ప్రమాదకరం కూడా. ఒక దుస్సంవత్సరం గడిచాక "అది మనకు పాఠం నేర్పింది" అని సభల్లో అనుకొని ఇళ్లకు వెళితే, పాఠం నేర్చుకున్న పని పూర్తయినట్లే ఉంటుంది. మిల్లులో ప్రమాదం జరిగినప్పుడు మేము ఆ మాట అనేవారం కాదు. ఏ కవాటం తెరుచుకోలేదు, ఏ సంకేతాన్ని ఎవరు చూడలేదు, రేపటి షిఫ్టులో ఏది మార్చాలి అని రాసుకునేవారం. అందులో తాత్త్వికత తక్కువ, గౌరవం ఎక్కువ. బాధ్యతగల స్థానాల్లో ఉన్నవారికి కష్టకాలం ఇచ్చేది ఓదార్పు కాదు, చేయవలసిన పనుల పట్టిక.

మరి నా పట్టికలో ఏమున్నాయి? చెప్పుకోదగినంత గొప్పవేమీ లేవు.

పిలవకముందే వెళ్లడం మొదటిది. ఆపదలో ఉన్నవాడు "ఏదైనా కావాలంటే చెప్పండి" అన్నవారిని ఎన్నడూ అడగడు. నన్ను ఎదురింటివారు ఏమి కావాలని అడగలేదు. గిన్నె పెట్టి వెళ్లారు.

రెండవది, తీసుకోవడం నేర్చుకోవడం. ఇది మొదటిదానికంటె కష్టం. పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుందని చిన్నప్పటినుంచి విన్నవాడిని. ఆ మొదటి మధ్యాహ్నం గేటుమీది గిన్నెను చూసి చాలాసేపు తలుపు తీయలేకపోయాను. ఆకలి వల్ల గాక సిగ్గు వల్ల కళ్లు తిరిగాయి. నేను వారించిన సంగతి వాళ్లకు తెలుసేమోనని భయం. తెలిసినా తెలియకపోయినా వాళ్లు పెట్టేవారే అని అర్థమయ్యాక గాని అన్నం లోపలికి దిగలేదు.

మూడవది, ఎవరి దుఃఖాన్నీ తొందరపెట్టకపోవడం. పరామర్శకు వెళితే ఇప్పుడు వేదాంతం మాట్లాడను. పోయినవారి పేరు చెప్పి, వారిని గురించి నాకు గుర్తున్నది ఒకటి చెప్పి, మిగతా సమయం ఊరకే కూర్చుంటాను.

ఈ మూడూ నా భార్యకు తెలిసినవే. కనుక ప్లవ సంవత్సరం నాకు గురువని నేనెన్నడూ అనలేను. అది పాఠశాలను కూల్చివేసిన తుఫాను వంటిది. గురువు నా పక్కనే ముప్పైమూడేళ్లు ఉన్నది; నేను వినలేదు. ఆమె పోయాక, ఆమె చెప్పినదాన్ని ఎదురింటివారు మళ్లీ చెబితే అప్పుడు విన్నాను.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉండాలన్నది మన ఆచారం. చేదును కూడా జీవితంలో భాగంగా స్వీకరించాలని దానికి అర్థం చెబుతాం. కాని ఆ పచ్చడిలో చేదు పాళ్లను నిర్ణయించేది ఇంటి ఇల్లాలి చెయ్యి. సంవత్సరం అలా కొలిచి వేయదు. చేదు ఎక్కువైన ఇంటికి బెల్లం తీసుకువెళ్లవలసింది ఇరుగుపొరుగువారే.

క్వార్టరు అప్పగించి ఇప్పుడు వేరొక చోట ఉంటున్నాను. ఆ స్టీలు గిన్నె మాత్రం ఇంకా మా రెండు ఇళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. ఎవరూ దానిని ఖాళీగా పంపరు. అది అసలు ఎవరిదో ఇప్పుడు ఎవరికీ పట్టింపు లేదు.